కుడి చెవి

అక్టోబర్ 17, శుక్రవారం

జుమా నమాజు అయ్యాక మక్బూల్ వచ్చాడు. ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు తోటలో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. మెట్‌పల్లిలో వాళ్ల ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. మా చిన్నవాడు గయాజ్, ఇతనూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. సెలవు నుంచి తిరిగొచ్చిన ఎవరి చేతనో వాళ్లమ్మ నాకు చింతపండు, ఎండు గోంగూర పంపింది.

"ఖాలమ్మా, దుబాయ్‌ల నీకు గోంగూర దొరకక సచ్చిపోతున్నవని మా అమ్మ రంది" అని నవ్వాడు. ఇది దుబాయ్ కాదు కతర్ అని ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా అంతే.

అతను వెళ్లాక చింతపండు డబ్బాలోకి తీసి, చుట్టిన కాగితాన్ని సాపు చేశాను. తెలుగు అక్షరం కనపడితే పారెయ్యలేను. నాలుగో తరగతి దాకా చదివింది ఆ ఒక్కటే. కోడలు రషీదా హైదరాబాదు పిల్ల, దానికి తెలుగు చదవడం రాదు, నాకు ఉర్దూ చదవడం రాదు.

కాగితంలో ఎన్‌కౌంటర్ వార్త ఉంది. ముగ్గురు అన్నలు చనిపోయారట. ఫోటోలు వేశారు. మూడో అతను నేల మీద పక్కకు తిరిగి ఉన్నాడు, కుడి చెంప మట్టిలో. సాగర్ అని రాశారు. అసలు పేరు, ఊరు తెలియలేదట.

ఈ మనిషికి గుబురు గడ్డం ఉంది. మా గయాజ్‌కు గడ్డం సరిగా రాదు.

మా వాడు కాదు.

అక్టోబర్ 18

మా వాడు కాదు. మా వాడి పేరు సాగర్ కాదు.

అక్టోబర్ 20

కాగితం మంచం పరుపు కింద పెట్టాను. మళ్లీ తీసి చూశాను. ఎడమ చెవి కనపడుతుంది. కుడి చెవి కనపడదు. కుడి చెవి కనపడితే ఒక్క నిమిషంలో తేలిపోయేది, నేను నిశ్చింతగా అన్నం తినేదాన్ని.

గయాజ్‌కు ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. వీడు కడుపులో ఉన్నప్పుడు పీరీల పండక్కి పీరు ముందు మొక్కాను, ఈసారి బతికితే చెవి కుట్టించి నీకు ఫకీరును చేస్తానని. నలభయ్యో రోజున పీరును ఎత్తుకునే గొల్లాయన సూది కాల్చి కుడి చెవి కుట్టాడు. వెండి పోగు వేశాను. పెద్దవాడు నిజాముద్దీన్ అప్పుడు ఏడేళ్లవాడు, తమ్ముడు ఏడుస్తుంటే వాడూ ఏడ్చాడు.

కాలేజీలో ఎర్రజెండా పిల్లలతో కలిశాక గయాజ్ ఆ పోగు తీసి నా చేతిలో పెట్టాడు.

"అమ్మీ, దేవుడు లేడు, పీరు లేడు. మనిషొక్కడే ఉన్నడు."

"మరి నువ్వెట్ల బతికినవురా?"

"నీ పాలు తాగి బతికిన."

వాళ్ల నాయన మాత్రం ఆ రోజు నుంచి పోయేదాకా వాడితో మాట్లాడలేదు. పోగు నా సందుకలో ఉంది. రంధ్రం పూడలేదు. ఎన్నేళ్లయినా పూడదు, నాకు తెలుసు.

అక్టోబర్ 22

మనసు బాగాలేక గయాజ్ క్యాసెట్ పెట్టుకున్నాను. నేను ఈ దేశానికి వచ్చేటప్పుడు వాడు అడవి నుంచి ఎవరి చేతనో పంపింది. రెండు వైపులా మాటలే. చిన్నప్పటి సంగతులు, నాకు జాగ్రత్తలు, మధ్యమధ్య దగ్గు.

వాడి గొంతు లేదు. ఖురాన్‌లోని యాసీన్ సూరా వస్తోంది.

తిప్పి పెట్టాను. అటు కూడా యాసీనే.

పోయిన వారం టేప్‌రికార్డరు బాగు చేయిస్తానని నిజాం క్యాసెట్‌తో సహా తీసుకెళ్లి తెచ్చాడు. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే అడిగాను.

"ఖరాబు మాటలున్నయి అమ్మీ అండ్ల. నీకు సవాబు, పుణ్యం వస్తదని మంచిది ఎక్కించిన. రోజూ విను."

"అది నా కొడుకు గొంతురా."

"నేను నీ కొడుకును గానా?" అని స్నానానికి పోయాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు వినపడింది.

యాసీన్ పోయినవాళ్ల కోసం చదువుతారు. బతికున్నవాళ్లూ వింటారు. వినకూడదని ఎక్కడా లేదు.

అక్టోబర్ 23

దొరికింది. వాడు దొరికాడు.

పొద్దున యాసీన్ మొత్తం విన్నాను. రెండో వైపు సూరా ముందుగానే అయిపోయింది. టేపు ఇంకా మిగిలింది. గరగరమని చప్పుడు, తర్వాత దగ్గు. ఆ దగ్గు నాకు తెలియదా? తర్వాత ఇంత: "అయిపోవస్తుంది అమ్మీ టేపు. వింటున్నవా? అన్నకు..."

టక్కుమని ఆగింది.

అన్నకు ఏమిటి? అన్నకు చెప్పు అనా? అన్నకు ఇయ్యి అనా? ముందు ఎన్నోసార్లు విన్నదే కదా ఈ క్యాసెట్టు, చివర ఏముండేదో గుర్తు రావడం లేదు. ఇంతే ఉండేదేమో. నా బుర్ర పాడుగాను.

అక్టోబర్ 24, శుక్రవారం

మక్బూల్ వచ్చాడు. రషీదా వంటగదిలో ఉన్నప్పుడు అడిగాను.

"మీవాళ్లల్ల సాగర్ అని ఎవడన్న ఉన్నడా బేటా?"

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అతను కూడా కొన్నాళ్లు అన్నలతో తిరిగినవాడే. ఒకసారి పోలీసులు తీసుకెళ్లి పాదాల మీద కొట్టి వదిలితే, ఎడారికి వచ్చి పడ్డాడు.

"పేర్లు మార్చుకుంటరు ఖాలమ్మా. ఆడికి పోయినంక కులం పేరు, మతం పేరు ఉండదు."

"గయాజ్ ఏం పేరు పెట్టుకున్నడు?"

"నాకు తెల్వదు." కళ్లెత్తలేదు. "గయాజ్ ఇప్పుడు నీ ఒక్కదాని కొడుకు గాదు. ఈ లోకంల ఉన్న బీదోళ్లందరి కొడుకు. ఒకవేళ... ఎవరికన్న ఏమన్న అయితే, పార్టీ స్థూపం కడతది. పేరు చెక్కుతరు. ఏటేటా జనం వచ్చి దండ వేస్తరు."

"ఏ పేరు చెక్కుతరు?"

"పార్టీ పేరే."

"మరి నేను పోయి వెతుక్కుంటే దొరకడు గదా."

అతను చాయ్ సగం వదిలేసి లేచాడు. ఎప్పుడూ వదలడు.

అక్టోబర్ 29

రోజూ పొద్దున యాసీన్ పెడుతున్నాను. నిజాం సంతోషపడుతున్నాడు. మా అమ్మీ మారిపోయింది అని రషీదాతో అన్నాడట. అల్లా నన్ను క్షమించాలి, సూరా ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటున్నాను.

అక్టోబర్ 31, శుక్రవారం

మస్జిదు నుంచి నిజాం బోస్నియా అనాథ పిల్లల ఫోటోలు తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాడు. వాళ్ల కోసం చందా పోగు చేస్తున్నారు. ఒక పాప అచ్చం మా మరీహా లాగే ఉంది, ముందు పన్ను ఊడి. మరీహా నా మనవరాలు, రెండో తరగతి. ఆ ఫోటోలోని పాపను పలకరిస్తూ తన బిస్కెట్టు చూపించింది. అందరం నవ్వాం.

"ఉమ్మత్ అంటే ఇదే అమ్మీ" అన్నాడు నిజాం. "భాష తెల్వదు, మొఖం తెల్వదు. అయినా ఆళ్ల కడుపు కాలితే మనకు మంట తగలాలె."

అప్పుడు నోరు జారాను. "గయాజ్ ఎట్లున్నడో ఒక్కసారి ఊరికి ఫోన్ చేసి కనుక్కోరాదురా."

నవ్వు పోయింది. "ఆడు దీన్ వదిలేసిండు, మన మతమే వదిలేసిండు. ఆడే తెంపుకున్నడు. నేను తెంపలే."

పళ్లెం ముందు నుంచి లేచాడు. ఈ నెలంతా సరిగా తినడం లేదు. ప్యాంటుకు బెల్టు ఇంకో రంధ్రం లోపలికి వెళ్లింది. షుగరేమో. డాక్టరుకు చూపించమని రషీదాకు చెప్పాను. తమ్ముడి సంగతి ఎత్తినప్పుడల్లా వాడి ఎడమ చెయ్యి కుడి చెవి దగ్గరికి ఎందుకు పోతుందో.

నవంబర్ 4

ఏసీ చప్పుడులో దగ్గు వినపడింది. ఏసీ ఆపాను. ఆపినా వినపడింది.

నవంబర్ 8

పై అంతస్తు అరుంధతి వచ్చింది. బెజవాడ వైపు వాళ్లు. ఆయన వేణుగోపాలరావు ఇంజనీరు. గురువారం సాయంత్రాలు వాళ్లింట్లో భజన చేస్తారు, ఇక్కడ బయటికి తెలియకూడదు గనక కిటికీలు మూసి, తలగడ మీద తాళం వేసుకుంటూ. గోడ మీద అన్ని మతాల గుర్తులూ పెట్టుకున్నారు, మన నెలవంక కూడా.

"ఏంటి పిన్నిగారూ, అలా చిక్కిపోయారు?" అని అడిగింది. మా చిన్నవాడు ఇల్లు వదిలి వెళ్లాడు, కబురు లేదు అని మాత్రం చెప్పాను.

"ఫోటో ఉంటే ఇవ్వండి. దేవుడి దగ్గర పెడతాను. మాకు భేదాల్లేవండీ. ఎటు నుంచి నడిచినా అందరం చేరేది ఆయన దగ్గరికే కదా."

ఇంటర్‌లో తీయించిన ఫోటో ఇచ్చాను. నిజాంకు చెప్పలేదు. ఇది పాపమేమో. కానీ ఎంతమంది చేతుల్లో పెడితే వాడు అంత భద్రంగా ఉంటాడనిపించింది.

నవంబర్ 13, గురువారం

రషీదా, నిజాం బజారుకు వెళ్తే నేను పైకి వెళ్లాను. గయాజ్ ఫోటోకు చిన్న పూసల దండ వేసింది. దండ వేస్తారా? వేస్తారట, దేవుళ్లకూ వేస్తారట. సరే అనుకున్నాను.

పిల్లలు పాడుతుంటే కళ్లు మూసుకుని కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత గుండె నెమ్మదిగా కొట్టుకుంది. ప్రసాదం ఇస్తూ వేణుగోపాలరావుగారు అడిగారు.

"అబ్బాయి ఏం చేస్తుంటాడండీ?"

"అడవిల పని."

"ఫారెస్టు డిపార్ట్‌మెంటా? మంచి ఉద్యోగమే!"

ఊ అన్నాను.

నవంబర్ 20, గురువారం

అరుంధతి పొద్దున్నే వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో గయాజ్ ఫోటో, అద్దం తుడిచి. గయాజ్ అన్నల్లో కలిసిన సంగతి రషీదా మాటల్లో చెప్పేసిందట.

"పిన్నిగారూ, మా పిన్ని కొడుకు కృష్ణప్రసాద్ అని... ఎస్సైగా చేసేవాడు. రెండేళ్ల కిందట జీపు కింద మందుపాతర పేలింది. వాడి భార్యకు అప్పుడు ఏడో నెల."

నేను అడ్డుపడ్డాను. "అది మా వాడే చేసిండని..."

"మీ వాడే చేశాడని నేననడం లేదండీ. నాకేం తెలుసు? కానీ ఆ ఫోటో ముందు నేను దీపం పెట్టలేను." ఏడ్చింది. "నన్ను తిట్టుకోకండి."

"తిట్టనమ్మా. ఎంత వయసు ఆ పిలగానికి?"

"ఇరవై తొమ్మిది."

గయాజ్ కంటే ఒక్క ఏడు పెద్ద.

నవంబర్ 21

గయాజ్‌కు కిరసనాయిలు స్టవ్ వెలిగించడం రాదు. అగ్గిపుల్ల గీసి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. వాడు మందుపాతర ఎట్లా పెడతాడు?

నవంబర్ 22

చిన్నప్పుడు పీరీల గుండం నిప్పుల మీద మాత్రం పరుగెత్తేవాడు. ఆ పొద్దు భయపడేవాడు కాదు. ఊరంతా నడిచేది ఆ నిప్పుల మీద, అన్ని కులాలూ, మేమూ. ఒకరి వెనక ఒకరు.

మరునాడు ఎవరి బావి వాళ్లదే అనుకో. అది వేరే సంగతి.

నవంబర్ 27

ఆ పిల్లకు ఏ బిడ్డ పుట్టిందో అడగలేదు. కృష్ణప్రసాద్ భార్యకు. అడగాల్సింది.

నవంబర్ 28, శుక్రవారం

మక్బూల్ రాలేదు.

డిసెంబర్ 5, శుక్రవారం

మక్బూల్ వచ్చాడు. వాళ్ల నాయనతో ఫోన్‌లో మాట్లాడాడట. నేనే అడిగాను, అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ సాగర్‌ను మీ నాయన చూసిండా?"

"దవాఖాన కాడ, దూరం నుంచి చూసిండట."

"కుడి చెవి?"

"దగ్గరికి పోనియ్యలేదట ఖాలమ్మా."

"మరి ఎక్కడ బొంద పెట్టిండ్రు?"

మక్బూల్ తన చెప్పుల వైపు చూశాడు. "బొంద పెట్టలే. ఎవ్వరూ రాలేదని పోలీసోళ్లే కాలబెట్టిండ్రు. పేరు సాగర్ గదా. హిందువనుకున్నరు."

"చూసినవా మరి!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, రషీదా వంటగదిలోంచి తొంగి చూసింది. "మా వాడైతే కాలుస్తరా? మా వాళ్లను కాల్చరు. మా వాడు కాదు గదా ఇంక."

"కాదు ఖాలమ్మా" అన్నాడు మక్బూల్. నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. మా వాడు కానప్పుడు నా చెయ్యి ఎందుకు పట్టుకోవడం?

డిసెంబర్ 6

మెట్ల దగ్గర కిరసనాయిలు వాసన వస్తోంది. రషీదా రావడం లేదంటుంది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు మూడుసార్లు చూశాను. ఈ దేశంలో కిరసనాయిలు స్టవ్ ఎవరి ఇంట్లో ఉంది?

డిసెంబర్ 7

గుమ్మం పక్కన చెంబుతో నీళ్లు పెట్టాను. ఎందుకని రషీదా అడిగితే పిల్లి కోసం అని చెప్పాను.

డిసెంబర్ 8

నీళ్లు తగ్గాయి. ఎండకేమో.

డిసెంబర్ 10

షాబాన్ నెల నడుస్తోంది. ఇంకో నాలుగు రోజుల్లో షబే బరాత్. దానికి ముందురోజు అర్ఫా. మా అమ్మ చెప్పేది: ఆ ఏడు కొత్తగా పోయినవాళ్ల పేరు మీద అర్ఫా నాడు హల్వా పెట్టి ఫాతెహా చదివి, పాతవాళ్లలో కలపాలి. కలపకపోతే షబే బరాత్ నాడు అందరి ఆత్మలూ, రూహ్‌లూ ఇంటికి వస్తే, వాడొక్కడు గుమ్మం బయటే నిలబడతాడు. లోపలివాళ్లు నువ్వెవరు అంటారు.

నిజాంను అడిగాను, హల్వా చేసి ఫాతెహా చదువుతావా అని.

"బిద్అత్ అమ్మీ అది. ఖురాన్‌ల లేదు. ఈడ ఎవరు చేస్తరు? మన ఊళ్లె తెల్వక చేసిండ్రు."

"మీ నాయన కోసంరా. పేరు పెట్టకముందే పోయిన మీ ఇద్దరు తమ్ముళ్ల కోసం."

"అట్లయితే అర్ఫా ఎందుకు? ఈ ఏడు కొత్తగా పోయినోళ్లు మనకెవ్వరూ లేరు గదా."

అంటూ గోడ కేసి చూశాడు. నేనూ అటే చూశాను. గోడ మీద క్యాలెండరు తప్ప ఏమీ లేదు.

"లేరు" అన్నాను.

డిసెంబర్ 11

ఉమ్మత్ వాళ్లు అందరూ ఒకటే అంటారు. పైన అరుంధతి వాళ్లూ అందరూ ఒకటే అంటారు. మక్బూల్ వాళ్లూ అదే మాట. ముగ్గురి గుమ్మాల దగ్గరా నిలబడి వచ్చాను. నా వాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తెలియలేదు. తప్పు వాళ్లదని అనను. వాళ్ల బాధ వాళ్లది.

వాడు బతికే ఉన్నాడు కదా, ఎక్కడో కూర్చుని ఉంటాడు. ఇదంతా నాకెందుకు.

డిసెంబర్ 13, శనివారం

రాస్తాను. నెమ్మదిగా రాస్తాను.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక రషీదా, నేను చెప్పకుండానే రవ్వ, చక్కెర, నెయ్యి తీసి పొయ్యి దగ్గర పెట్టింది. వాళ్లింట్లో కూడా చేసేవాళ్లట. "నిజాం సాబ్‌కు నక్కో బోలో అమ్మీజాన్" అంది, ఆయనకు చెప్పొద్దని. ఇద్దరం కలిసి హల్వా చేశాం. వేయించేటప్పుడు రవ్వ కొంచెం మాడింది. ఆ వాసనకు నేను వరండాలోకి వెళ్లి నిలబడాల్సి వచ్చింది.

పళ్లెంలో సర్ది, మీద గుడ్డ కప్పి, అగర్‌బత్తి వెలిగించాం. మగవాళ్లు లేరు. నాకు ఫాతెహా చదవడం రాదు. రషీదా నేను చదవనా అని అడుగుతుండగానే తలుపు తెరుచుకుంది. నిజాం. ఎప్పుడూ లేనిది ముందే వచ్చాడు. గుమ్మంలో నీళ్ల చెంబు కాలికి తగిలి ఒలికింది.

పళ్లెం చూశాడు. అగర్‌బత్తి చూశాడు. తిడతాడనుకున్నాను. షూ విప్పి, కాళ్లూ చేతులూ కడిగి ఒజూ చేసి వచ్చి, చాప మీద కూర్చున్నాడు.

"గుడ్డ తియ్యి అమ్మీ" అన్నాడు.

చదివాడు. చిన్నప్పుడు వాళ్ల నాయన నేర్పినట్టే, అదే రాగం. అయ్యాక చేతులు ఎత్తి, "పేర్లు చెప్పు" అన్నాడు.

"మీ నాయన హమీదుద్దీన్. మా అమ్మ. మీ తాత. పేరు పెట్టని ఇద్దరు."

"ఇంకా?"

"అంతే."

చేతులు దించలేదు. అగర్‌బత్తి పొడి హల్వా పక్కన రాలింది.

"అర్ఫాల కొత్తోళ్ల పేరు ముందు చెప్పాలె గదా అమ్మీ."

"కొత్తోళ్లు ఎవరున్నరురా మనకు?"

ఎత్తిన చేతులు అట్లాగే ఉన్నాయి, చిన్నపిల్లవాడు బడిలో దెబ్బల కోసం చాచినట్టు.

"గయాజుద్దీన్" అన్నాడు. "హమీదుద్దీన్ కొడుకు. నా తమ్ముడు."

నేను లేచి వాడి నోరు మూయబోయాను. మూశాను కూడా. నా అరచేతిలోనే మాట్లాడాడు.

"ఎస్సై ఫోన్ చేసిండు అమ్మీ. ఆఫీసుకు. అక్టోబర్‌ల. ఊళ్లె ఎవరో నంబర్ ఇచ్చిండ్రట. కుడి చెవికి రంధ్రం ఉంది, మీ తమ్మునికి ఉండెనా అని అడిగిండు. పక్కన మేనేజర్ నిలబడ్డడు. నా నౌకరి పోతది, నిన్ను, పిల్లను తీస్కొని వాపసు పోవాల్సొస్తదని... మా మతంల మగోళ్లకు చెవులు కుట్టరు సార్, అన్న. అయితే మీవాడు కాదు లెండి, అని పెట్టేసిండు."

చెయ్యి తీసేశాను.

మా మతంలో కుట్టరు. నిజమే కదా. ఎన్నిసార్లు చెప్పాడు నాకు, అది షిర్క్, పెద్ద పాపం, అది మనది కాదు అని. ఆ పొద్దు సూది కాల్చి కుట్టినప్పుడు తమ్ముడితోపాటు ఏడ్చినవాడు. నిజాం ఔను అని ఉంటే గయాజ్‌కు మట్టి దొరికేది. చెవి అందుకే కుట్టించాను కదా, పీరు గుర్తుపట్టి కాపాడతాడని.

"యాసీన్ అందుకేనా ఎక్కించినవ్?" అని అడిగాను.

తల ఊపాడు. "ఇంక నేనేం జెయ్యగలుగుత?"

"వాని గొంతు మీదనే ఎక్కించాల్నారా?"

"ఆ క్యాసెట్ ఎవరికన్న దొరికితే మనం పోతం అమ్మీ. పారెయ్యబుద్ధి కాలే. తుడవాల్నంటే ఏదన్నొకటి ఎక్కించాలె. వేరేది ఏం ఎక్కించను?"

నా చెయ్యి లేచింది. కొట్టలేదు. తల కూడా నిమరలేదు. సందుకలోంచి వెండి పోగు తెచ్చి పళ్లెం పక్కన పెట్టాను. తర్వాత టేప్‌రికార్డరు తెచ్చి, రెండో వైపు చివరికి తిప్పాను. చివర వాడు మిగిలిన సంగతి నిజాంకు తెలియదు.

యాసీన్ ఆఖరి మాటలు. గరగర. దగ్గు. "అయిపోవస్తుంది అమ్మీ టేపు. వింటున్నవా? అన్నకు..."

టక్.

నిజాం వంగి టేప్‌రికార్డరుకు చెవి ఆనించాడు. "ఏమన్నడు? అన్నకు ఏమన్నడు అమ్మీ?"

"అంతే ఉంది."

"ముందు వినలేదా నువ్వు? యాదికి తెచ్చుకో. అన్నకు ఏమని?"

"యాదికి లేదురా."

మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా పెడుతూనే ఉన్నాం.

డిసెంబర్ 14

హల్వా పంచాను. ఒక గిన్నె పైకి నేనే తీసుకెళ్లాను. అరుంధతి తలుపు తీసింది.

"ఏంటి పిన్నిగారూ, పండగా?"

"మా చిన్నోని పేరు మీదమ్మా."

బయటికి ఆ మాట మొదటిసారి అన్నాను. ఆమెకు అర్థమైంది. గిన్నె అందుకోవడానికి చేతులు చాచింది, మళ్లీ ఆగింది, మళ్లీ చాచింది. లోపలికి రమ్మనలేదు. నేనూ పోలేదు. అడగాలనుకున్నది అడిగాను.

"ఆ పిల్లకు ఏం పుట్టింది?"

"ఆడపిల్లండీ" అంది.

డిసెంబర్ 15

గిన్నె తిరిగొచ్చింది. కడిగి, అడుగున గుప్పెడు చక్కెర పోసి పంపింది. తిన్నారో పారేశారో తెలియదు. మావైపు కూడా గిన్నె వట్టిది తిప్పి పంపరు.

నిజాం ఇవాళ అన్నం తిన్నాడు. నేను వడ్డించాను. మాట్లాడలేదు. కొన్నాళ్లు మాట్లాడలేనేమో, చూడాలి. నీళ్ల చెంబు గుమ్మంలోంచి తీసి లోపల పెట్టాను.

పాతవాళ్లలో కలిశాడు కదా, ఇక నిశ్చింతగా ఉండాలి. కానీ ఉండలేకపోతున్నాను. అక్కడ వాళ్ల నాయన ఇప్పుడైనా మాట్లాడతాడా? ఆయన పంతం నాకు తెలుసు. వీడేమో ఊరుకోడు, దేవుడు లేడని అక్కడ కూడా మొదలుపెడితే? ఆ ఇద్దరు పసివాళ్లు వీణ్ణి ఎప్పుడూ చూడనే లేదు.

ఇంకో సంగతి ఉంది, నిజాంకు చెప్పలేదు. మొన్న వాడు చేతులెత్తి ఉన్నప్పుడు గయాజ్ పేరు తర్వాత మనసులో ఇంకో పేరు కలిపాను. కృష్ణప్రసాద్ అని. ఒప్పుతుందో లేదో, ఎవరి దేవుడు ఒప్పుకుంటాడో నాకేం తెలుసు. దానంతటదే వచ్చేసింది. ఇప్పుడేమో భయంగా ఉంది. ఇద్దరూ ఒకే గుమ్మంలో ఎదురుపడితే?

గయాజ్ మొహమాటం మనిషి, ముందుగా మాట కలపడు. అందులోనూ పోలీసోళ్లంటే అసలే మాట్లాడడు. ఆ పిల్లవాడే పెద్దవాడు, ఒక్క ఏడైనా. వాడే పలకరిస్తే బాగుండును.